మురుగులో యూరియా బస్తాలు - గాలికి పోయేదెంత, మడికి వచ్చేదెంత?

యాసంగి నాట్లు పడి నెల దాటాక మూసీ కాలువ వెంట ఒకసారి నడిచి చూడండి. గట్టుకు ఇవతల బోరు కింద మడి, అవతల కాలువ కింద మడి. విత్తనం ఒకటే, నాటు వేసిన చేతులూ అవే. అయినా కాలువ కింద పైరు నల్లగా, ఏపుగా కనిపిస్తుంది. పైపాటు యూరియా ఆలస్యమైనా పచ్చదనం తగ్గదు. అదే పైరు గింజ పాలు పోసుకునే వేళకు పడిపోవడం, సుడిదోమ ముందుగా అక్కడే దిగడం, తాలు ఎక్కువ కావడం కూడా ఆ రైతులకు తెలిసిన సంగతే.

ఆ ఏపుకూ, ఆ నష్టానికీ ముఖ్య కారణం ఒకటే. నీళ్లలో కొట్టుకొచ్చే నత్రజని.

అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ హైదరాబాదు దాటేసరికి ఎండ నెలల్లో నగరపు మురుగు తప్ప మరేమీ కాదు. వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేలోగా కత్వల మీదుగా, పిల్లాయిపల్లి, బునాదిగాని, ధర్మారెడ్డిపల్లి వంటి కాలువల మీదుగా వేల ఎకరాలు తడుపుతుంది. ఇప్పుడు ఈ నీటిలో ఒక మార్పు వస్తోంది. నగరంలో కొత్త మురుగు శుద్ధి కేంద్రాలు పనిలోకి వచ్చిన కొద్దీ నీరు తేటపడుతుంది, నత్రజని తగ్గుతుంది. తగ్గిన ఆ నత్రజని ఎక్కడికి పోయింది? మీరు వేసే యూరియా లెక్క దానితో ఎలా మారాలి? ఈ వారం పాఠం అదే.

బస్తాల లెక్క

మనిషి తిన్న పప్పులో, పాలలో, మాంసంలో ఉండే మాంసకృత్తుల నత్రజని చాలావరకు మూత్రంలో యూరియాగా బయటికి వస్తుంది. మీరు బస్తాలో కొనే యూరియా, మూత్రంలో ఉండే యూరియా రెండూ ఒకే పదార్థం. మురుగు కాలువలో పడ్డాక కొద్ది గంటల్లోనే బాక్టీరియా దాన్ని అమ్మోనియాగా మారుస్తాయి. పశువుల కొట్టంలో తెల్లవారుజామున ముక్కుకు తగిలే ఘాటు అదే.

ఇళ్ల మురుగులో లీటరుకు 40 మిల్లీగ్రాముల నత్రజని ఉందనుకుందాం. కాలనీని బట్టి, నీటి వాడకాన్ని బట్టి అటూ ఇటూ ఉంటుంది గానీ మన లెక్కకు ఇది చాలు. కోటి లీటర్ల మురుగులో 400 కిలోల నత్రజని ఉన్నట్టు. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి ఇది 870 కిలోల యూరియాకు సమానం. ఇప్పటి 45 కిలోల బస్తాల్లో చెప్పాలంటే 19 బస్తాలు. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేసేలా కట్టిన కేంద్రం ఒకటుంది. దాని గుండా పోయే మురుగు ఒక్కదానిలోనే రోజుకు 650 బస్తాల యూరియాకు సరిపడా నత్రజని ఉన్నట్టు లెక్క తేలుతుంది. రోజుకు, ఏడాదికి కాదు.

నగరంలో 2021 నాటికి ఉన్న కేంద్రాలన్నిటి సామర్థ్యం రోజుకు 77 కోట్ల లీటర్లు. పుట్టే మురుగులో అది సగం కూడా కాదు. మిగిలింది ఉన్నది ఉన్నట్టుగా మూసీలోకే. ఆ ఏడాది 31 కొత్త కేంద్రాలు, దాదాపు 126 కోట్ల లీటర్ల సామర్థ్యంతో మంజూరయ్యాయి. తర్వాతి సంవత్సరాల్లో ఒకటొకటిగా పనిలోకి వచ్చాయి. వీటిలో ఎక్కువ భాగం ఎస్.బి.ఆర్. పద్ధతివి. అంటే ఒకే తొట్టిలో వంతులవారీగా మురుగు నింపడం, గాలి కొట్టడం, తేర్చడం, పై తేటను వదలడం. అంబర్‌పేట పాత కేంద్రానిది వేరే పద్ధతి, దాని సంగతి తర్వాత చెప్పుకుందాం.

తొట్టిలో పనిచేసే కూలీలు

శుద్ధి కేంద్రంలో మందులు కలిపి మురుగును శుభ్రం చేస్తారని చాలామంది అనుకుంటారు. చివర్లో క్లోరిన్ కలిపితే కలపవచ్చు గానీ అసలు పని చేసేవి బాక్టీరియా. 1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు మురుగులోకి గాలి కొట్టి, అడుగున తేరిన బురదను పారబోయకుండా మళ్లీ కొత్త మురుగులో కలిపి చూశారు. వారాలు పట్టే పని గంటల్లో అయిపోయింది. పాలలో తోడు వేసినట్టే అన్నమాట. ఆ బురద నిండా ఉన్నది పనికి అలవాటుపడిన బాక్టీరియా. వందేళ్లు దాటినా ప్రపంచమంతటా కేంద్రాలు నడిచేది ఈ సూత్రం మీదనే.

ఈ కూలీలందరూ ఒకే జాతి కాదు. మొదటి జట్టు మురుగులోని కుళ్లును, అంటే మలం, తిండి పదార్థాలు, సబ్బు జిడ్డు వంటివాటిని తింటుంది. గాలి పీలుస్తుంది, మనలాగే బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. ఈ వాయువును వాతావరణ లెక్కల్లో తప్పుగా పట్టరు. ఎందుకంటే ఆ కర్బనం నిన్నటి వరి మడిలో, మొన్నటి జొన్న చేలో మొక్కలు గాలి నుంచి తీసుకున్నదే. తిరిగి గాలికే పోయింది. భూమి లోపలి బొగ్గును, పెట్రోలును తవ్వి కాల్చడం వేరు, ఇది వేరు. అయితే తొట్టిలోకి గాలి కొట్టే పెద్ద మోటార్లు తాగే కరెంటు మాత్రం లెక్కలోకి వస్తుంది.

రెండో జట్టు అమ్మోనియాను పట్టుకుంటుంది. దీనికి కూడా గాలి కావాలి, నిజానికి మొదటి జట్టు కంటే ఎక్కువ పట్టింపుగా కావాలి. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా, మరో రకం నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. మీ చేలో వేసిన యూరియా నైట్రేటుగా మారేది కూడా ఈ జాతుల వల్లనే.

మూడో జట్టు గాలి ఆపినప్పుడు పనికి దిగుతుంది. నీళ్లలో ప్రాణవాయువు లేకపోతే ఇవి చచ్చిపోవు, నైట్రేటులో ఉన్న ప్రాణవాయువును లాక్కుని బతుకుతాయి. అలా లాగగా లాగగా చివరికి మిగిలేది ఉత్త నత్రజని వాయువు. బుడగలై పైకి తేలి గాలిలో కలుస్తుంది. మనం పీల్చే గాలిలో 78 శాతం అదే కాబట్టి దానితో ఏ హానీ లేదు.

పెద్ద మహానగరాల శుద్ధి కేంద్రాల నుంచి వదిలే నీటిలో మొత్తం నత్రజని లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. ఆ మాట నిలబడితే కోటి లీటర్లలోని 19 బస్తాల్లో దాదాపు 5 బస్తాలే నీటిలో మిగులుతాయి. తక్కిన 14 బస్తాల్లో కొంత బురదలోకి, ఎక్కువ భాగం గాలిలోకి.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. రామగుండంలో సహజవాయువు ఖర్చు పెట్టి గాలిలోని నత్రజనిని పట్టి బస్తాలోకి ఎక్కిస్తున్నాం. నగరంలో కరెంటు ఖర్చు పెట్టి అదే నత్రజనిని మళ్లీ గాలిలోకి దింపుతున్నాం. మధ్యలో రైతు యూరియా కోసం సొసైటీ ముందు చెప్పులు వరుసలో పెట్టి నిలబడుతున్నాడు. పైరు మీద ఉన్న నెలల్లోనైనా పొలాలకు వెళ్లే నీటిలో కొంత నత్రజని ఉంచవచ్చు గదా అని అడిగితే తప్పు లేదు. కానీ మూసీ నీరు పొలాలకే కాదు, చెరువులకూ పోతుంది. అమ్మోనియా ఎక్కువైతే చేపలు చస్తాయి, గుర్రపుడెక్క చెరువు కప్పేస్తుంది, బావుల్లోకి నైట్రేటు దిగుతుంది. ఈ రెండూ తూచి చూసే పని ఇంకా సరిగా జరగలేదని నా అభిప్రాయం.

అరకొర గాలితోనే చిక్కు

నైట్రేటు నుంచి నత్రజని వాయువు దాకా ఒక్క అడుగులో పోదు. బావి దగ్గర బిందె చేతులు మారినట్టు నాలుగు చేతులు మారుతుంది. మూడో చెయ్యి నుంచి నాలుగో చేతికి మారే చోట ఉండే పదార్థం పేరు నైట్రస్ ఆక్సైడ్. ఆసుపత్రిలో మత్తుకు వాడేది, నవ్వించే వాయువని పేరుపడ్డది అదే. నాలుగో చెయ్యి మహా సుకుమారం. కాస్త ప్రాణవాయువు తగిలినా పని ఆపేస్తుంది. తినడానికి కుళ్లు పదార్థం చాలకపోయినా ఆపేస్తుంది. అప్పుడు బిందె మూడో చేతిలోనే జారిపోతుంది. నైట్రస్ ఆక్సైడ్ గాలిలోకి లేస్తుంది.

రెండో జట్టు దగ్గర కూడా ఇదే తంటా. అమ్మోనియా మెండుగా ఉండి గాలి చాలకపోతే ఆ బాక్టీరియా ఊపిరాడక నైట్రైటునే వాడుకోవడం మొదలుపెడతాయి. దానితోనూ నైట్రస్ ఆక్సైడ్ పుడుతుంది. అంటే నిండా గాలి ఉన్నప్పుడు తక్కువ, అసలు గాలి లేనప్పుడు తక్కువ. అరకొర గాలి ఉన్నప్పుడే ఎక్కువ. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, మీ మడి దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఈ వాయువుకు ఎందుకింత భయం? ప్రపంచ దేశాల శాస్త్రజ్ఞుల బృందం ఐ.పి.సి.సి. 2021 నివేదిక ప్రకారం వందేళ్ల కాలానికి లెక్కగడితే ఒక కిలో నైట్రస్ ఆక్సైడ్ 273 కిలోల బొగ్గుపులుసు వాయువు చేసినంత వేడి చేస్తుంది. ఒకసారి పైకి పోతే వందేళ్లకు పైగా ఉంటుంది. పైనున్న ఓజోన్ పొరను కూడా తింటుంది.

అదే బృందం 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం గాలి కొట్టే కేంద్రాల్లోకి వచ్చే నత్రజనిలో సగటున 1.6 శాతం నైట్రస్ ఆక్సైడుగా పోతుందని పట్టుకోవాలి. కేంద్రాన్ని బట్టి, నడిపే తీరును బట్టి ఇది బాగా మారుతుంది. మన కోటి లీటర్ల లెక్కకు ఇది 10 కిలోల నైట్రస్ ఆక్సైడ్. 10 కిలోలే గదా అనిపిస్తుంది. 273తో గుణిస్తే 2,700 కిలోలు దాటుతుంది. అదీ రోజుకు.

తగ్గించడం అసాధ్యమేమీ కాదు. గాలి కొట్టే వంతులో చాలినంత కొట్టాలి, ఆపే వంతులో పూర్తిగా ఆపాలి. మురుగును ఒక్కసారిగా కుమ్మరించకుండా నిదానంగా వదలాలి. మూడో జట్టుకు తినడానికి కొంత కుళ్లు మిగల్చాలి. కరెంటు బిల్లు చూసి మోటార్లు సగం సగం నడిపితే మాత్రం మిగిలేది బిల్లులోనే, వాతావరణానికి కాదు.

అంబర్‌పేట పద్ధతి, మీ పెరటి గోబర్ గ్యాస్

అంబర్‌పేట పాత కేంద్రం యు.ఎ.ఎస్.బి. పద్ధతిలో కట్టినది. 1970ల్లో నెదర్లాండ్స్‌లో లెట్టింగా అనే శాస్త్రజ్ఞుడు దీన్ని రూపొందించాడు. మన దేశంలో ఇళ్ల మురుగుకు మొదట 1989లో కాన్పూరులో పెట్టారు. ఇందులో గాలి కొట్టరు. మూతవేసిన లోతైన తొట్టిలో మురుగు అడుగు నుంచి పైకి నిదానంగా పారుతుంది, మధ్యలో దట్టమైన బురద పొర. ప్రాణవాయువు తగలని సూక్ష్మజీవులు కుళ్లును తిని మీథేన్ వదులుతాయి. దాన్ని పైన పట్టి మంటకో కరెంటుకో వాడుకోవచ్చు. వీటిని మనం బాక్టీరియా అని కలిపి అనేస్తాం గానీ మీథేన్ తయారుచేసేవి ఆర్కియా అనే వేరే కులానివని 1977లో అమెరికాలో కార్ల్ ఉయీస్ తేల్చాడు.

మీ పెరట్లో గోబర్ గ్యాస్ ట్యాంకు ఉంటే అంబర్‌పేట కేంద్రం మీకు కొత్త కాదు. పేడ బదులు మురుగు, అంతే. తేడా ఏమిటంటే పేడ చిక్కన, మురుగు పలుచన. పలుచని నీటిలో పుట్టిన మీథేన్ కొంత నీళ్లలోనే కరిగి ఉండిపోతుంది. ఆ నీరు బయట కాలువలో దూకి పారేటప్పుడు గాలికి లేచిపోతుంది. పట్టిన వాయువును వాడకుండా, కనీసం కాల్చకుండా వదిలినా అంతే. కిలో మీథేన్ వందేళ్ల లెక్కలో 27 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానం. నైట్రస్ ఆక్సైడంత కాదు, కానీ పుట్టేది ఎక్కువ. పైగా ఇది పోయిన ప్రతి ఘనపుటడుగూ పోయిన వంటచెరకే.

మీ ఇంట్లో కూడా ఇదే చూసుకోండి. గొట్టం అతుకుల దగ్గర, డోము పగుళ్ల దగ్గర సబ్బు నురుగు పూసి చూస్తే కారేచోట బుడగలు వస్తాయి. అగ్గిపుల్లతో పరీక్షించే సాహసం మాత్రం వద్దు. బయటికొచ్చిన స్లర్రీని గుంతలో నెలల తరబడి నిలవ ఉంచితే అందులోంచి ఇంకా మీథేన్ లేస్తూనే ఉంటుంది. ఎండు ఆకు, చెత్త కలిపి కంపోస్టు చేయండి, లేదా త్వరగా చేలో వేసి మట్టిలో కలపండి.

యు.ఎ.ఎస్.బి. పద్ధతి నత్రజనిని పెద్దగా ముట్టుకోదు. కుళ్లు పోతుంది, అమ్మోనియా అలాగే నీళ్లతో బయటికొస్తుంది. ఇన్నేళ్లూ శుద్ధి చేసిన నీరు కలిసినా మూసీ మడుల ఏపు తగ్గకపోవడానికి ఇదొక కారణం. ఎస్.బి.ఆర్. కేంద్రాల నీరు అలా ఉండదు.

ఇంత వాయువు పుట్టేటప్పుడు శుద్ధి చేయకుండా వదిలేస్తే పోలేదా అని అడిగేవారున్నారు. వదిలేస్తే ఇవే సూక్ష్మజీవులు ఇదే పని మూసీలో చేస్తాయి. కత్వ వెనక నిలిచిన నల్లటి నీటిలో కర్ర పెట్టి అడుగు బురద కదిపి చూడండి, బుడబుడమని బుడగలు వస్తాయి. 1776లో ఇటలీలో మజోరే సరస్సు దగ్గర వోల్టా అనే శాస్త్రజ్ఞుడు ఇలాగే బురద కదిపి, ఆ బుడగలను సీసాలో పట్టి మీథేన్‌ను గుర్తించాడు. నదిలో దాన్ని పట్టే మూత లేదు. రోగాలు, దోమలు అదనం.

మీ మడి కూడా ఒక తొట్టే

నీరు నిలిపిన వరి మడిలో పైన అరంగుళం మందాన గాలి తగిలే బురద ఉంటుంది. దాని కింద ప్రాణవాయువు ఉండదు. అంటే పై పొరలో రెండో జట్టు, కింద మూడో జట్టు, ఇంకా కింద మీథేన్ చేసేవి. శుద్ధి కేంద్రంలోని కూలీలందరూ మీ మడిలో జీతం లేకుండా పనిచేస్తున్నారు. మురుగు నీటితో అదనంగా కుళ్లు పదార్థం చేరితే మీథేన్ చేసేవాటికి మరింత మేత.

మడిని విడతలుగా తడిపి ఆరబెడితే ఈ మీథేన్ సుమారు సగానికి తగ్గుతుంది, నీరూ ఆదా అవుతుంది. నాటిన రెండు మూడు వారాల తర్వాత, కలుపు అదుపులోకి వచ్చాక మొదలుపెట్టాలి. అడుగున్నర పొడవు ప్లాస్టిక్ గొట్టానికి కింది భాగంలో చిల్లులు పెట్టి మడిలో పాతి, లోపలి మట్టి తీసేయండి. గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ నీరు కట్టండి. పూత సమయంలో వారం ముందు, వారం తర్వాత మాత్రం ఆరనివ్వకూడదు, 5 సెంటీమీటర్ల నీరు ఉంచాలి.

రెండు జాగ్రత్తలు. మూసీ నీటి కింద కొన్ని నేలల్లో ఉప్పు పేరుకుంది. మడి ఆరగానే తెల్లగా పొర తేలుతుంటే ఆరబెట్టే పద్ధతి మీకు పనికిరాదు, ముందు మట్టి పరీక్ష చేయించుకోండి. రెండోది, అరకొర గాలి సంగతి. తడిసి ఆరే మడి అంటేనే అరకొర గాలి. మీథేన్ తగ్గినా నైట్రస్ ఆక్సైడ్ పెరిగే వీలుంది. మడిలో మిగులు నత్రజని ఉంటేనే అది పెరుగుతుంది కాబట్టి యూరియా ఎంత వేస్తున్నాం, ఎప్పుడు వేస్తున్నాం అన్నదే కీలకం. నిలిచిన నీళ్లలో యూరియా చల్లవద్దు. నీరు తీసేసి బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టండి. వేసినాక మడిని ఎండనివ్వవద్దు.

యూరియా లెక్క మార్చుకోండి

ఎకరం మడికి అంగుళం నీరు కడితే లక్ష లీటర్లు దాటుతుంది. లీటరుకు 40 మి.గ్రా. నత్రజని ఉన్న నీరైతే అంగుళానికి 4 కిలోల నత్రజని, అంటే దాదాపు 9 కిలోల యూరియా. పది అంగుళాలు కట్టేసరికి రెండు బస్తాలు. సిఫారసు ఎకరాకు 48 కిలోల నత్రజని అనుకుంటే అందులో అధిక భాగం నీళ్లతోనే వచ్చేసింది. దాని మీద మళ్లీ అలవాటుగా రెండు బస్తాలు చల్లితే పైరు పడిపోక ఏం చేస్తుంది? నీటితో వచ్చినదంతా పైరుకు అందదు, కొంత ఇంకిపోతుంది, కొంత పైన చెప్పినట్టు గాలికి పోతుంది. అయినా లెక్కలోకి తీసుకోకపోవడం తప్పే.

ఇప్పుడు అదే కాలువలో 10 మి.గ్రా. నీరు వచ్చిందనుకోండి. పది అంగుళాలకు 10 కిలోల నత్రజని, అంటే అర బస్తా. తండ్రి కాలం నుంచి మూసీ నీటికి యూరియా అక్కర్లేదు అని నమ్మిన రైతు పైరు పసుపుపచ్చబడ్డాక గానీ మేల్కోడు. అప్పటికి పిలకలు తగ్గిపోయి ఉంటాయి. పచ్చిగడ్డి కోసి అమ్ముకునేవారికి కోతకూ కోతకూ మధ్య రోజులు పెరుగుతాయి. నీరు బాగుపడింది, దిగుబడి తగ్గిందేమిటని వాపోతారు. నగరంలో ఏ కేంద్రం ఎప్పుడు మొదలవుతుందో మీకు కబురు పంపేవారు ఎవరూ ఉండరు. పైరునే అడగాలి.

అడిగే మార్గం ఆకు రంగు పట్టిక. నాటిన 14 రోజుల నుంచి పూత దాకా వారం పది రోజులకొకసారి చూడండి. మడిలో అక్కడక్కడా పది దుబ్బులు ఎంచుకుని, ఒక్కొక్క దానిలో పూర్తిగా విచ్చుకున్న పై ఆకు మధ్య భాగాన్ని పట్టిక పక్కన పెట్టి సరిచూడాలి. ఆకు తెంపవద్దు. మీ వీపు ఎండకు పెట్టి, మీ నీడలో చూడాలి. ప్రతిసారీ ఒకే వేళకు, వీలైతే ఒకే మనిషి చూడాలి. పదింటిలో ఆరు లేదా అంతకు మించి ఆకులు మీ రకానికి చెప్పిన రంగు కంటే పలుచగా ఉంటేనే యూరియా వేయండి. సన్న రకాలకు, దొడ్డు రకాలకు ఆ రంగు వేరుగా ఉంటుంది. పట్టిక, రంగు నంబరు రెండూ వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగి తీసుకోండి. నీళ్లతో వచ్చిందీ, బస్తాతో వచ్చిందీ ఆకు రెండూ కలిపే చూపిస్తుంది. అందుకే మూసీ కింద రైతుకు ఇది మిగతా వాళ్లకన్నా ఎక్కువ అక్కరకొస్తుంది.

పట్టికతో పాటు సీజనుకు ఒకసారి నీటి పరీక్ష కూడా చేయించుకుంటే మేలు. పది మంది ఆయకట్టు రైతులు కలిస్తే ఖర్చు మీద పడదు. అమ్మోనియా నత్రజని, నైట్రేట్ నత్రజని, ఉప్పు శాతం ఈ మూడూ చూడమని రాసి ఇవ్వండి. లీటరు పట్టే శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే కాలువ నీటితో మూడుసార్లు కడిగి, ఒడ్డున కాకుండా పారే చోట ముంచి, మూత దాకా నిండుగా పట్టండి. నీళ్లలో దిగేటప్పుడు మోకాటి బూట్లు, చేతి తొడుగులు వేసుకోండి, ఇంటికొచ్చాక సబ్బుతో కడుక్కోండి. సీసాను మంచుగడ్డల మధ్య పెట్టి ఆ రోజే ప్రయోగశాలకు చేర్చాలి. ఇంట్లో ఉంచి రేపు పోదాంలే అనుకుంటే సీసాలో ఉన్న బాక్టీరియా రాత్రంతా అమ్మోనియా మీద, నైట్రేటు మీద తమ పని తాము చేసుకుపోతాయి. తెల్లారి పరీక్షలో వచ్చే అంకె మీ కాలువది కాదు, మీ సీసాది అవుతుంది.